సూపర్బ్ డైరీ: వెనక చక్రాలు మళ్లీ లాగేదాకా

ఫిబ్రవరి 9, 2025. ఓడోమీటర్ 91,640

మొత్తానికి బండి ఇంటికొచ్చింది. 2010 మోడల్ స్కోడా సూపర్బ్, 3.6 లీటర్ల వీ6 పెట్రోలు, ఏపీ 31 నంబరు, డిక్కీ మీద 4×4 అని చిన్న అక్షరాలు. లాసన్స్ బే కాలనీలో బాదం చెట్టు కింద 2020 మార్చి నుంచి కదలకుండా ఉంది. యజమాని మా నాన్నగారి స్నేహితులు, చిన్నప్పట్నుంచీ నేను మావయ్యగారు అనే పిలుస్తాను. 2,10,000కి ఇచ్చారు. కాగితాల మీద సంతకం పెడుతూ, "తుక్కుకిస్తే లక్ష ఇస్తామన్నార్రా. మనసొప్పలేదు. నువ్వయితే నడుపుతావు" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోతుంది.

ఫ్లాట్‌బెడ్ మీద హనుమంతవాక, ముడసర్లోవ మీదుగా అడవివరం తెచ్చాం. ముందు చక్రాలు ఎత్తి కట్టి లాక్కెళ్లిపోదాం అన్నాడు మొదట వచ్చిన టోయింగ్ కుర్రాడు, నేను ఒప్పుకోలేదు. నాలుగు చక్రాలకీ ఇంజిన్‌తో సంబంధం ఉన్న బండిని రెండు చక్రాల మీద దొర్లిస్తే లోపల క్లచ్, గేర్‌బాక్స్ పాడవుతాయి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఫ్లాట్‌బెడ్డే.

260 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఇవి చెప్తే అందరూ ఇంజిన్ గురించే అడుగుతారు. నాకు మాత్రం ఈ బండి ప్రాణం, వెనక చక్రాలు రెండింటికీ పవర్ పంచే డిఫరెన్షియల్ ముందు బిగించిన ఆ గుమ్మడికాయంత డబ్బాలో ఉంది. దాన్ని హాల్డెక్స్ అంటారు. ఆయిల్‌లో మునిగిన క్లచ్ ప్లేట్ల దొంతర అది. మామూలుగా వెళ్తున్నప్పుడు ముందు చక్రాలే ఎక్కువ లాగుతాయి, అవసరమైనప్పుడు ప్లేట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని వెనక్కి పవర్ పంపుతాయి. ఈ నాలుగో తరం హాల్డెక్స్‌లో ఒక ఎలక్ట్రిక్ పంపు ఆయిల్ ప్రెషర్‌ని ముందే సిద్ధంగా ఉంచుతుంది, అందుకే చక్రం జారేదాకా ఆగక్కర్లేదు. అది పనిచేస్తేనే ఇది 4×4, లేకపోతే బరువెక్కువున్న ఒక మామూలు కారు.

పైకప్పు మీద ఒక సొట్ట ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను రోజు కొమ్మ పడిందట. టింకరింగ్ చేయించను. ఊరంతా తిన్న దెబ్బ అది, బండి మీద ఆ గుర్తు ఉండనివ్వాలి.

మార్చి 16

నెల రోజులుగా శుభ్రమే పని. స్టీల్‌ప్లాంట్‌లో పొద్దున ఉండే 'ఏ' షిఫ్టు పడిన వారం సాయంత్రాలు, రాత్రిపూట 'సీ' షిఫ్టు పడితే మధ్యాహ్నాలు.

వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ మూత తీస్తే జానెడు మందాన బాదం ఆకులు కుళ్లి ఎరువైపోయి ఉన్నాయి. నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోవడంతో వానలన్నీ లోపలికే దిగాయి. కార్పెట్ కింద స్పాంజి పిండితే రెండు బకెట్ల నీళ్లు వచ్చాయి. సీట్లు నాలుగూ విప్పి, కార్పెట్ మొత్తం బయటికి లాగి మేడ మీద ఆరేశాం. మా బావమరిది సాయం లేకపోతే ఇది అయ్యేది కాదు. కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి పచ్చగా చిలుం పట్టినవాటిని బ్రష్‌తో గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ బిగించాను. ఎలకలు కొరికిన వైర్లు మూడు దొరికాయి, టంకం పెట్టి అతికించాను.

ట్యాంకులో ఐదేళ్ల నాటి పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు అన్నేళ్లు నిలవుంటే నీళ్లు పీల్చుకుని అడుగున విడిపోతుంది, దాన్ని ఇంజిన్‌లోకి పంపకూడదు. ట్యాంకు దింపి కడిగి, పాత రబ్బరు గొట్టాలు తీసేసి కొత్తవి వేశాం. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వస్తోంది కాబట్టి గొట్టాల దగ్గర కక్కుర్తి పడదలచుకోలేదు.

వెనక ఎడమ డోరులో గొడుగు అర కూడా చూశాను. సూపర్బ్‌లో ఇదొక ముచ్చట, డోరు అంచులోనే గొడుగు పెట్టుకునే గొట్టం ఉంటుంది. గొడుగు అందులోనే ఉంది గానీ ఊచలు తుప్పుపట్టి తెరుచుకోవట్లేదు. మావయ్యగారికి ఫోన్ చేసి చెప్తే, "అది మీ అత్తయ్య వాడేదిరా" అని ఇంకేం మాట్లాడలేదు. మరునాడు పూర్ణా మార్కెట్‌లో గొడుగులు బాగుచేసే ఆయన దగ్గర ఇచ్చి వచ్చాను. ఊచలు మార్చినా గుడ్డ మాత్రం అదే ఉంచమన్నాను.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. పందిట్లో పానకం తాగి వచ్చి కీ తిప్పాను. కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, కొత్త ఆయిల్. మూడోసారికి అందుకుంది. ఆరు సిలిండర్లూ ఒకే హెడ్ కింద, మధ్యలో 10.6 డిగ్రీల కోణంతో ఇరుక్కుని ఉండే ఇంజిన్ ఇది. దాని గొంతు వేరే ఏ ఇంజిన్‌కీ రాదు, కింద బొంగురుగా మొదలై పైకెళ్లేకొద్దీ సన్నబడుతుంది. పక్కింటివాళ్లు కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

వాల్వుల్నీ పిస్టన్లనీ ఒకే లయలో తిప్పే టైమింగ్ చైన్ గురించే నా టెన్షన్ అంతా. ఈ ఇంజిన్‌లో చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, ఆ ఖర్చులో ఇంకో పాత కారు వస్తుంది. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ కోణం ఎంత పక్కకెళ్లిందో చూశాం. చైన్ సాగలేదు. ఇవాళ్టికి ఇది చాలు.

మే 18

డీఎస్‌జీ ఆయిల్. ఈ పని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే వైజాగ్‌లో మే నెలలో దీన్ని చేయాలంటే టైము చూసుకోవాలి.

ఈ ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. పాత బిల్లుల్లో ఆ ఊసే లేదు. దీనికి డిప్‌స్టిక్ ఉండదు. కింద 14 మిల్లీమీటర్ల అలెన్ బోల్టు తీస్తే కొంత ఆయిల్ కారి ఆగిపోతుంది, చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ ఆ కన్నం లోపలే ఇంకో ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, 8 మిల్లీమీటర్ల అలెన్‌తో దాన్నీ తిప్పి తీస్తేనే అసలు ఆయిల్ దిగుతుంది. తర్వాత ఆ గొట్టం మళ్లీ పెట్టి (మూడు న్యూటన్ మీటర్లే, వేళ్ల బలం చాలు, ఎక్కువ బిగిస్తే విరుగుతుంది), కొత్త ఆయిల్ ఎక్కించి, ఇంజిన్ ఆన్ చేసి, గేర్లన్నీ ఒకసారి తిప్పి, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు బోల్టు తీసి చూడాలి. ఆ గొట్టం అంచు పైన ఎంతుంటే అంత కారిపోతుంది. ధార తగ్గి చుక్కలుగా మారిన క్షణాన బోల్టు బిగించేయాలి. అంతే లెవెల్.

మధ్యాహ్నం పూట ఈ ఊళ్లో నీడలో పెట్టిన బండి ఆయిలే 37, 38 ఉంటుంది. ఇంజిన్ ఆన్ చేసి గేర్లు తిప్పేలోపు 45 దాటిపోతుంది. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టాం. నాతో పాటు ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా పనిచేసిన మేస్త్రిగారు. ఆయనకి డీఎస్‌జీ అలవాటు లేదు గానీ బండి కింద చెయ్యి పెడితే ఆయన ధైర్యమే వేరు.

స్కానర్‌లో 30 చూపించింది. పాత ఆయిల్ ఐదు లీటర్లకి పైనే దిగింది, నల్లటి చెరుకు పాకంలా ఉంది. మేస్త్రిగారు రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూసి, "మాడిపోనాది బాబూ. కానీ పొడి నేదు సూడండి. క్లచ్ బతికే ఉంది" అన్నారు. ఫిల్టర్ మార్చి, కొత్తది 5.2 లీటర్లు పోశాం. ఇంజిన్ ఆన్. 33. 35. బావమరిది ల్యాప్‌టాప్ పట్టుకుని అంకెలు పైకి చదువుతుంటే నేను కింద పడుకుని బోల్టు తీశాను. సన్నటి ధార, లేత పసుపు రంగు. 39. ధార తీగలా సాగింది. 41కి తెగి చుక్క, చుక్క, చుక్క. బోల్టు పెట్టి 45 న్యూటన్ మీటర్లకి బిగించాను. అప్పటికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, సింహాచలం కొండ మీద దీపాలు కనిపిస్తున్నాయి.

రెండో గేరు నుంచి మూడోదానికి పడే కుదుపు పోయింది.

జూన్ 22

మొదటి పెద్ద వాన. మా ఇంటి వెనక సగంలో ఆగిపోయిన లేఅవుట్ ఉంది, ఎర్రమట్టి రోడ్డు, చివర నిటారుగా ఒక ఎత్తు. అక్కడికి తీసుకెళ్లాను. ముందు చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్మాయి. వెనక చక్రాలు కదల్లేదు.

స్కానర్‌లో 22వ అడ్రసు (4×4 సంగతి చూసే కంప్యూటర్) తెరిస్తే హాల్డెక్స్ పంపు మీద ఫాల్ట్. ఇంతకుముందు సర్వీసు చేసినవాళ్లు మావయ్యగారికి ఈ ఆయిల్ జన్మలో మార్చక్కర్లేదని చెప్పారట. అది తప్పు. క్లచ్ ప్లేట్లు అరిగేకొద్దీ ఆ పొడి ఆయిల్‌లోనే తిరుగుతుంది, చివరికి పంపులోకి చేరుతుంది. ఎనిమిది వందల చిల్లర మిల్లీలీటర్ల ఆయిల్ సీసా ఒక్కటి టైముకి మార్చి ఉంటే ఈ రోజు వచ్చేది కాదు.

జూలై 27

పంపు దింపడం అనుకున్నంత సులువు కాలేదు. ఉప్పుగాలికి వెనక సబ్‌ఫ్రేమ్ బోల్టులన్నీ ఒకే ముద్ద. బాడీకి జింకు పూత ఉంది కాబట్టి రేకు బాగానే ఉంది, బోల్టులకి ఆ అదృష్టం లేదు. మూడు రోజులు పొద్దునా సాయంత్రం తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, నాలుగో రోజు గ్యాస్ మంటతో కాచి, మేస్త్రిగారు పానా మీద పైపు తొడిగి లాగితే కుయ్యిమంటూ వదిలింది. డ్రెయిన్ బోల్టు తీస్తే ఆయిల్ కాదు, కాటుకలాంటి ముద్ద. చేతికి అంటితే సబ్బుకి పోలేదు.

పంపు విప్పి కడిగి, బ్యాటరీ వైర్లు నేరుగా తగిలిస్తే తిరిగింది. ఎంత సంతోషమో. కొత్త ఆయిల్ పోసి బిగించాం, ఫాల్ట్ పోయింది, ఎర్రమట్టి ఎత్తు ఎక్కింది. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఆగిపోయింది. లోపల మోటారు బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి, కడిగినంత మాత్రాన అవి తిరిగి రావు కదా. "కొత్తది తెప్పించీండి బాబూ, అన్నిసార్లు ఎవులు దింపుతారు" అన్నారు మేస్త్రిగారు. ఆయన మాట మొదటే వినాల్సింది.

ఆగస్టు 24

కొత్త పంపు, 38,000. ఈసారి బోల్టులకి రాగి గ్రీజు రాసి బిగించాను.

టైర్లు కూడా నాలుగూ ఒకేసారి మార్చాను, 225/45 ఆర్17. టైర్ల షాపులో ముందువి రెండే మార్చుకోమన్నారు, వెనకవి ఇంకా బాగున్నాయని. మామూలు బండికైతే సరే. దీనికి ముందు కొత్తవి, వెనక అరిగినవి వేస్తే చుట్టుకొలతలో తేడా వస్తుంది, నేరుగా వెళ్తున్నా సరే ముందు ఇరుసూ వెనక ఇరుసూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, ఆ తేడా అంతా హాల్డెక్స్ ప్లేట్లు మొయ్యాలి. అంత డబ్బు పోసి బాగుచేసినదాన్ని టైర్ల దగ్గర పాడుచేసుకుంటామా.

సాయంత్రం వాన పడింది. బావమరిదిని పక్కన నిలబెట్టి ఫోన్‌లో వెనక చక్రాన్ని దగ్గరగా వీడియో తియ్యమన్నాను. ఆ వీడియో నేను ఇరవైసార్లు చూసుంటాను. బండి ఎత్తు మొదట్లో ఆగి ఉంది. ముందు చక్రం పావు వంతు జారుతుంది, సరిగ్గా ఆ వెంటనే వెనక టైరు గాట్లలో ఇరుక్కున్న ఎర్రమట్టి కొంచెం వెనక్కి నలుగుతుంది, టైరు మట్టిని పట్టుకుంటుంది, బండి వెనక భాగం ఒక అంగుళం కిందికి కూర్చుని మొత్తంగా పైకి లేస్తుంది. మట్టి చిమ్మడం లేదు. చప్పుడు లేదు. నడిచి వెళ్లినట్టు పైకి వెళ్లిపోయింది.

పైన బండి ఆపి దిగి, నాలుగు చక్రాల మట్టి గుర్తులు చూశాను. నాలుగూ తేటగా, టైరు గీతలతో సహా అచ్చుపడ్డాయి.

అక్టోబర్ 12

రెండు ఆదివారాలు ఇంజిన్ మీద. ఐడిలింగ్‌లో ఈల వేస్తోంది, ఆయిల్ మూత తీయబోతే లోపలికి గట్టిగా లాగుతోంది. వాల్వ్ కవర్‌లో ఉండే పల్చటి రబ్బరు పొర, డయాఫ్రం, చిరిగింది. కవర్ మొత్తం మార్చాలన్నారు ఒకరు. డయాఫ్రం ఒక్కటే విడిగా దొరికింది, ఈల ఆగింది.

ఇంజిన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా విప్పాను. ఈ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది, వాల్వుల వెనక భాగాన్ని కడిగేది ఏదీ లేదు. ఆయిల్ ఆవిరి అక్కడ చేరి మాడి గట్టిపడుతుంది. టార్చి వేసి చూస్తే వాల్వు కాడ చుట్టూ మాడిన అట్టులా నల్లటి పెచ్చులు. అక్రోట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేసే మెషిన్ నాకు అందుబాటులో లేదు. క్రాంక్‌ని చేత్తో తిప్పి ఒక్కో సిలిండర్ వాల్వులు మూసుకున్నాయని చూసుకుని, క్లీనర్ పోసి అరగంట నానబెట్టి, నైలాన్ బ్రష్‌తోనూ చెక్కిన వెదురు పుల్లతోనూ గీకాను. ఇనుము వాడితే గీతలు పడతాయి, వెదురుకి ఆ భయం లేదు. పన్నెండు ఇన్‌టేక్ వాల్వులు. ఏడోదాని దగ్గర మెడ పట్టేసింది. పన్నెండోది అయ్యాక వేలితో తడిమితే అన్నీ నున్నగా తగిలాయి.

నవంబర్ 23. ఓడోమీటర్ 94,312

డిసెంబర్ 20తో బండి రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్లు నిండుతాయి. గడువుకి అరవై రోజుల ముందు నుంచి రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు 5,000. తనిఖీ అయిపోయింది, ఇంకో ఐదేళ్లు. ఆ మరునాడే సంపత్ వినాయక గుడిలో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాం.

ఇవాళ మావయ్యగారిని ఎక్కించుకుని అరకు బయల్దేరాం. ఆయన వెనక ఎడమ సీట్లో కూర్చున్నారు, అది అత్తయ్యగారి సీటట. ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యాక సన్నటి జల్లు పట్టుకుంది. అనంతగిరి దగ్గర హెయిర్‌పిన్ మలుపులో కొండ మీంచి నీళ్లతో పాటు మట్టి రోడ్డు మీదికి దిగింది. ముందు వెళ్తున్న కారు చక్రం కొంచెం జారి ఆగి మళ్లీ కదిలింది. మన బండి స్టీరింగ్ చేతిలో ఏమీ తెలియలేదు, మలుపు తిరిగి బయటికొస్తూ యాక్సిలరేటర్ నొక్కితే వెనక నుంచి ఎవరో నడుం మీద చెయ్యేసి నెట్టినట్టు వెళ్లిపోయింది. ఇంజిన్ నాలుగు వేలు దాటాక ఆ గొంతు లోయలో తగిలి మనకే తిరిగి వినిపిస్తుంది. మావయ్యగారు అద్దం దించి వింటూ కూర్చున్నారు. మైలేజీ ఘాట్‌లో లీటరుకి ఆరే. తొమ్మిది నెలల పనికి ఆ ఒక్క మలుపు నాకు చాలు.

గాలికొండ దగ్గర కాఫీకి ఆపాం. వాన ఆగలేదు. నేను దిగి అటు తిరిగి వెళ్లేలోపే ఆయన డోరు తెరిచి, అలవాటైన చేత్తో చూడకుండానే అరలోంచి గొడుగు లాగారు. మీట నొక్కగానే టప్పున విచ్చుకుంది. పైకి చూసి, గుడ్డ అంచు రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు.

"గుడ్డ మార్చలేదేంరా?"

"మార్చొద్దన్నాను మావయ్యగారూ."

కాఫీ తాగినంతసేపూ ఆయన వేరే మాటలే మాట్లాడారు, అప్పట్లో అరకు రోడ్డు ఎలా ఉండేదో, రైల్లో ఎలా వెళ్లేవాళ్లో. బయల్దేరేటప్పుడు గొడుగు రెండుసార్లు విదిలించి, మడిచి, తడితోనే అరలో పెట్టేశారు. ఆ నీళ్లు బయటికి పోయే దారి గొట్టంలోనే ఉంది, మొన్న ఫిబ్రవరిలో దాన్ని పుల్లతో పొడిచి శుభ్రం చేసింది నేనే. డోరు వేశాక కింద రోడ్డు మీదికి చుక్కలు పడుతున్నాయి.